పది నిమిషాల చుట్టం కనీస వేతనం గారికి

మహారాజశ్రీ కనీస వేతనం గారికి, నెల్లూరు నుంచి ఒక సెక్యూరిటీ గార్డు నమస్కరించి రాయునది.

నిన్న మా ఖాతాలోకి వేంచేసినందుకు సంతోషం. ఫోను టింగుమంది. ఇంకా మురిసిపోతుండగానే మా సూపర్‌వైజరు బండేసుకొచ్చాడు. "ఎక్కబ్బయ్యా, ఏటీఎం దాకా పోయొద్దాం."

ట్రంకు రోడ్డులో మీలోంచి మూడు వేలు తీయించి, లెక్కపెట్టుకుని, స్లిప్పు చించేశాడు. "రికార్డులో మొత్తం ముట్టినట్టేలే" అన్నాడు. ముట్టింది నిజమే సామీ. ముట్టుకుని మరీ ఆయన చేతిలో పెట్టా. ఆ ఏటీఎం కాపలా కుర్రాడిదీ మా ఏజెన్సీయే. నన్ను చూసి తల దించుకున్నాడు. వాడి వంతు సాయంత్రం.

మీరు 1948 నాటి చట్టంతో పుట్టినవారు, మా నాయన కంటే పెద్ద. 2019లో పార్లమెంటు కుట్టించిన కొత్త చొక్కా, అదే కొత్త వేతన చట్టం, తొడుక్కునేసరికి 2025 నవంబరు వచ్చింది. 1957లో పెద్దలు కూర్చుని మీ కొలత తేల్చడానికి మనిషికి రోజుకి 2,700 క్యాలరీలు, కుటుంబానికి ఏడాదికి 72 గజాల గుడ్డ అని లెక్క కట్టారంట. ఆ గజాలేవని మా ఆవిడ అడిగితే యూనిఫాం చూపించా. దానికీ జీతంలో కోసుకున్నారు. 2017లో కేంద్రం వాళ్ళు దేశమంతా ఇంతకు తగ్గకూడదని రోజుకి 176 రూపాయల దగ్గర గీసిన అడుగు గీత ఏళ్ళ తరబడి కదల్లేదు. అదీ ఉత్త సలహాయేనంట, పాటించి తీరాలని లేదంట! బంగ్లాదేశ్‌లో బట్టలు కుట్టేవాళ్ళు 2023లో నెలకు 23,000 టాకాలడిగి రోడ్డెక్కితే, మీ తమ్ముడు, అక్కడి కనీస వేతనం, 12,500 దగ్గరే చతికిలబడ్డాడు.

అవన్నీ పోనీండి. నా బాధ ఆ మూడు వేలు. లేబరాఫీసుకు పోయి చెప్పుకోమంటారా? వాళ్ళడిగేది కాగితం. కాగితంలో మీరు నిండుగా, నవ్వుతూ ఉండారు. పన్నెండు గంటల డ్యూటీకి ఎనిమిది గంటలని సంతకం పెట్టింది నేనే. బ్యాంకు స్టేట్‌మెంటు నా మీదే సాక్ష్యం చెబుతుంది. గవర్నమెంటు మిమ్మల్ని పెంచుతుందంటే అందరూ స్వీట్లు పంచుకుంటారేమో, నాకు మాత్రం గుండె దడ. వచ్చే నెల ఏటీఎంలో మూడు కాదు, మూడున్నర తీయమంటాడు.

ఇంక మర్యాద నా వల్ల కాదు. వస్తే పూర్తిగా రా, వచ్చి మా ఇంట్లో ఒక్క రాత్రి పడుకో. లేదంటే ఆ టింగు కూడా మోగించబాక. ఆ చప్పుడు వినబడితే చాలు, మా పిల్లోడు బడి బూట్లడుగుతాడు.