పుట్టుమచ్చ లేని పాట

తప్పిపోయిన వాళ్లను పాటతో కలపడం మన సినిమాకు కొత్త కాదు. 1973లో హిందీలో వచ్చిన ‘యాదోం కీ బారాత్’ను గాని, దాన్ని 1975లో ఎన్టీఆర్, మురళీమోహన్, బాలకృష్ణలతో తెలుగులోకి తెచ్చిన ‘అన్నదమ్ముల అనుబంధం’ను గాని చూసినవారికి ఆ లెక్క తెలిసిందే. చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ పాడుకున్న పాట పెరిగి పెద్దయ్యాక మళ్లీ చెవిన పడుతుంది, విడిపోయిన అన్నదమ్ములు ఒకరినొకరు గుర్తుపడతారు. పుట్టుమచ్చో, సగానికి చింపిన ఫొటోనో చేయగలిగిన పనినే అక్కడ పాట చేస్తుంది.

2007లో కిర్‌స్టన్ షెరిడన్ దర్శకత్వంలో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘ఆగస్ట్ రష్’ పైకి ఈ కోవలోదే అనిపిస్తుంది. కాని ఇందులో పిల్లవాడు అమ్మానాన్నల పాటను ఏనాడూ విని ఎరగడు. సెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) కళాకారిణి లైలా, ఐరిష్ రాక్ గాయకుడు లూయిస్ న్యూయార్క్‌లో ఒకే ఒక్క రాత్రి కలిసి విడిపోతారు. గర్భవతిగా ఉన్న లైలా ప్రమాదానికి గురైనప్పుడు, కూతురి సంగీత జీవితం పాడవుతుందని భయపడిన తండ్రి, బిడ్డ దక్కలేదని ఆమెను నమ్మించి, ఆమె సంతకాన్ని తానే పెట్టి పసివాణ్ణి వదిలించుకుంటాడు. ఆ పిల్లవాడు ఇవాన్ పదకొండేళ్లు అనాథ బాలుర వసతి గృహంలో పెరిగి, గాలిలో వినిపించే సంగీతం అమ్మానాన్నలదేనని నమ్మి పారిపోతాడు. అంటే ఇక్కడ గుర్తుపట్టడానికి జ్ఞాపకం లేదు, ఉన్నది నమ్మకం ఒక్కటే. ఈ సినిమా బలమూ బలహీనతా రెండూ ఇక్కడి నుంచే వస్తాయి.

బలం సంగతి ముందు. ఇవాన్ న్యూయార్క్ వీధిలో మొదటిసారి నిలబడినప్పుడు హారన్లు, రైలు చప్పుడు, జనం అడుగులు మొదట ఉత్త రొదగా మీద పడి, క్రమంగా ఒక లయలోకి సర్దుకుంటాయి. ఆ తర్వాత గిటార్ దొరికితే వాడు దాన్ని అందరిలా ఒళ్లో పట్టుకోడు. తీగలను అరచేతితో చరుస్తాడు, చెక్క మీద దరువు వేస్తాడు. దగ్గరగా చూపిన ఆ చేతులు ఇవాన్‌గా నటించిన ఫ్రెడ్డీ హైమోర్‌వి కావు, గిటార్ కళాకారిణి కాకీ కింగ్‌వి. ఎవరూ నేర్పని పిల్లవాడు వాద్యాన్ని ఎలా ముట్టుకుంటాడన్న ప్రశ్నకు ఇంత ఒప్పించే జవాబు మరో సినిమాలో నేను చూడలేదు.

చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. చర్చిలో ఒక చిన్నపాప పియానో మెట్లకు స్వరాల పేర్లు చెబుతుంది. చూస్తుండగానే వాడు కాగితాల నిండా స్వరలిపి రాసేసి ఉంటాడు. అక్కడి నుంచి జూలియార్డ్ సంగీత విద్యాలయం, ఆపైన సెంట్రల్ పార్క్‌లో సొంత రచనను వాయించే వాద్యబృందాన్ని ముందు నిలబడి నడిపించడం. సరళీ స్వరాలు, జంట స్వరాలంటూ ఏళ్ల తరబడి తెల్లవారుజామున లేచి గొంతు సవరించుకున్న మనవాళ్లకు ఇది మింగుడు పడదు. ఇది అద్భుత కథ కదా అని సర్దుకోవచ్చు. కాని సాధనను పక్కన పెడితే సంగీతం నెత్తురులో దిగివచ్చే ఆస్తిగా మిగిలిపోతుంది. అప్పుడు అదే వసతి గృహంలో ఉన్న మిగతా పిల్లల మాటేమిటి? ఏ సంగీతమూ వినపడనివాళ్ల కోసం ఎవరూ రారా? సినిమా అటు తొంగి కూడా చూడదు. తాత చేసిన నేరమూ అంతే. ఆసుపత్రి మంచం మీద ఆయన నిజం ఒప్పుకోగానే లైలా బిడ్డ కోసం బయలుదేరుతుంది, పదకొండేళ్లు దొంగిలించినవాణ్ణి నిలదీయడానికి కథకు తీరిక దొరకదు.

ఈ మెత్తదనం మధ్య కాస్త కటువుగా కనిపించేది రాబిన్ విలియమ్స్ పోషించిన విజార్డ్ పాత్ర. పాడుబడిన థియేటర్‌లో అనాథలను చేరదీసి, వీధుల్లో వాయింపజేసి, ఆ డబ్బు తాను తీసుకుంటాడు. ఆగస్ట్ రష్ అన్న పేరు కూడా బండి మీద కనబడ్డ రాతలోంచి వాడే ఏరుకుంటాడు. అయినా సంగీతం గురించి ఇవాన్‌తో మనసు విప్పి మాట్లాడేదీ వాడే. ఒకప్పుడు తనకూ అది వినిపించేదేమో, ఇప్పుడు దాని ధర మాత్రమే తెలుసేమో అనిపించేలా విలియమ్స్ నటించాడు.

అన్నిటికంటే బాగా కుదిరింది మాత్రం తండ్రీ కొడుకుల ఘట్టం. న్యూయార్క్‌లోని వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో ఇద్దరూ తమ బంధం తెలియకుండానే ఎదురుబొదురుగా కూర్చుని గిటార్లు వాయిస్తారు, ఒకరి పలుకును మరొకరు అందుకుంటారు, నవ్వుకుంటారు, ఎవరి దారిన వాళ్లు లేచిపోతారు. వారసత్వ సూత్రాన్నే నమ్ముకున్న సినిమాలో ఆ ఒక్క చోట నెత్తురు నోరు మెదపదు. మన సినిమాలో అయితే నేపథ్యంలో వయొలిన్లు ఒక్కసారిగా లేచేవి, తండ్రి గుండె మీద చేయి వేసుకునేవాడు.

పతాక సన్నివేశంలోనూ దర్శకురాలు ఆ నిగ్రహాన్ని నిలుపుకున్నారు. వేదిక ముందు లైలా, లూయిస్ చేతులు కలుస్తాయి. సంగీతం ఆగుతుంది, పిల్లవాడు వెనుదిరిగి వాళ్లను చూసి నవ్వుతాడు. కౌగిలింతలు లేవు, నేనే మీ అమ్మనన్న మాట లేదు. ముగ్గురి మధ్య ఇంకా కొన్ని గజాల దూరం ఉండగానే తెర చీకటవుతుంది.