ఖాళీగా ఉన్న కుర్రవాడు: ఒక ప్రజా భద్రతా సమస్య

హైదరాబాద్‌లో వానాకాలం రాకముందే నాలాల పూడికతీత మీద సమీక్షా సమావేశం జరుగుతుంది. పూడిక తీస్తారా లేదా అన్నది వేరే సంగతి, సమావేశం మాత్రం తప్పదు. గణేశ్ నిమజ్జనానికి చాలా ముందే క్రేన్లు లెక్కపెట్టుకుంటారు. ఇంత ముందుచూపు గల నగరంలో, ఏటా మే నెల నడుమ ఇళ్ల మీద వచ్చిపడే ఒక విపత్తు గురించి ఏ అధికారీ ఇంతవరకు నోరు విప్పలేదు. ఇంటర్ పరీక్షలు, వాటి వెనకే ఎంట్రెన్సులు రాసేసిన పదిహేడేళ్ల పిల్లలు వేలకు వేలు ఇళ్లలో ఖాళీగా కూర్చుంటున్నారు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ మే నెలలో అయిపోతుంది. ఇంజినీరింగ్ క్లాసులు మొదలయ్యేసరికి ఆగస్టు వస్తుంది. ఈ మధ్యకాలంలో వాళ్లకు టైమ్‌టేబుల్ లేదు, స్టడీ అవర్ లేదు, వీక్లీ టెస్టు అసలే లేదు. అంటే, దాచకుండా చెప్పాలంటే, వాళ్ల మీద కాపలా లేదు.

అంతకుముందు రెండేళ్లు ఇలా ఉండేది కాదు. పిల్లవాడు పదో తరగతి పరీక్షలు రాయకముందే ఇంటర్ కాలేజీ పీఆర్వో ఇంటికి వచ్చి, సోఫాలో కూర్చుని, కాఫీ తాగి, ఫీజులో రాయితీ ప్రకటించి, సీటు ఖాయం చేసి వెళ్లాడు. ఆ కాలేజీ ఒక వాణిజ్య భవనంలో ఉంది. కింద చెప్పుల దుకాణం, దాని మీద బ్యాంకు, ఆ పైన మూడంతస్తుల్లో మన భావి ఇంజినీర్లు. ఆటస్థలం లేదని కొందరు గొణిగారు గానీ, ఆడుకునే సమయమే లేనప్పుడు స్థలం ఎందుకని యాజమాన్యం అడిగిన ప్రశ్నకు తల్లిదండ్రుల దగ్గర జవాబు లేకపోయింది. ఇంటర్ బోర్డు ఏటా వేసవి సెలవులు ప్రకటిస్తుంది. సెలవుల్లో క్లాసులు పెడితే చర్యలు తప్పవని కూడా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను పేపర్లో చదివే అవకాశం మాత్రం పిల్లలకు ఉండదు, ఎందుకంటే ఆ సమయానికి వాళ్లు క్లాసులో ఉంటారు.

చదువులో లోతు తగ్గిందనే విమర్శ ఒకటి తరచుగా వినిపిస్తుంది. ఇది అన్యాయం. నిజాంపేటలో మా ఎదురు ఫ్లాట్ కుర్రవాడు ఎంపీసీలో ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకుని 100కు 99 తెచ్చుకున్నాడు. మొన్న వాళ్ల పిన్ని పెళ్లిలో పురోహితుడు మంత్రాలు చదువుతుంటే నా చెవి దగ్గరికి వంగి, 'ఇది కన్నడమా అంకుల్?' అని అడిగాడు. పోయిన ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో నాకు అప్పుడు అర్థమైంది.

ఇక కాలం విలువ. ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు 67 సెకన్ల చిల్లర. రెండేళ్లు ఆ లెక్కకు అలవాటుపడిన ఈ కుర్రవాడు పప్పూ కూరా పెరుగూ కలిపి దాదాపు అదే వ్యవధిలో ముగించేవాడు. 'ఎలా ఉన్నావు బాబూ?' అని లిఫ్టులో పలకరిస్తే వెంటనే జవాబు చెప్పేవాడు కాదు, నాలుగు ఆప్షన్లు ఇస్తానేమోనని ఒక క్షణం ఆగేవాడు. జేఈఈ మెయిన్ వాళ్లయితే పర్సంటైల్‌ను ఏడు దశాంశ స్థానాల వరకు ఇస్తారు. బషీర్‌బాగ్‌లో నగల వ్యాపారి కూడా మిల్లీగ్రాము దగ్గర, అంటే మూడో స్థానం దగ్గరే చేతులెత్తేస్తాడు. పిల్లల్ని బంగారంకంటే మిన్నగా చూసుకోవడమంటే ఇదీ. పరీక్షకు నిమిషం ఆలస్యమైతే గేటు మూసేసే గొప్ప నిబంధన కూడా మనకు ఉండేది. 2024లో ఇంటర్ బోర్డు దానికి అయిదు నిమిషాల సడలింపు ఇచ్చింది. పతనం అక్కడే మొదలైందని నా అనుమానం.

అలాంటి క్రమశిక్షణలో పెరిగిన పిల్లవాడిని ఒక మధ్యాహ్నం పరీక్షా కేంద్రం నుంచి ఇంటికి తెచ్చి, 'ఇక హాయిగా ఉండు' అని వదిలేస్తే ఏమవుతుంది? నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. మొదట నిద్ర. ఇది పెద్ద ప్రమాదం కాదు, బాకీ తీర్చుకుంటున్నాడని సరిపెట్టుకోవచ్చు. తరువాత ఫోను. దానికీ భయపడనక్కర్లేదు, పెద్దలమూ అదే పనిలో ఉన్నాం. అసలు ముప్పు ఆ తరువాత వస్తుంది. ఒక ఉదయం నిద్రా చాలి, ఫోనూ విసుగు పుట్టి, పిల్లవాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు.

మా ఎదురు ఫ్లాట్‌లో ఇదే జరిగింది. తాను పుట్టి పెరిగిన ఊళ్లో జేఎన్‌టీయూ చౌరస్తా, కాలేజీ ఉన్న భవనం, పరీక్ష రాసిన అయాన్ డిజిటల్ జోన్ లాంటి నాలుగు చోట్లు తప్ప మరేమీ తెలియవని ఆ కుర్రవాడికి ఉన్నట్టుండి తట్టింది. మెట్రో ఎక్కాడు. ఎంజీబీఎస్‌లో దిగి, మూసీ దాటి నడిచి, సాలార్‌జంగ్ మ్యూజియంలోకి వెళ్లాడు. అక్కడ పాత సంగీత గడియారం ఒకటి ఉంది. గంట కొట్టే వేళకు గడ్డమున్న చిన్న బొమ్మ మనిషి తలుపు తెరుచుకుని బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతాడు. అది చూడడానికి జనం ముందుగానే వచ్చి బెంచీల మీద కూర్చుంటారు. మా వాడు కూడా కూర్చున్నాడు. పదకొండుకు చూశాడు. లేచి వచ్చేయవచ్చు కదా, పన్నెండుకు మళ్లీ చూశాడు. ఆ నడుమ గంటసేపు ఏం చేశావని నేను నిలదీస్తే, 'ఊరికే కూర్చున్నాను అంకుల్' అన్నాడు. ఆ గంటలో, పాత లెక్క ప్రకారం, 53 ప్రశ్నలు చేయవచ్చు.

వ్యాధి అక్కడితో ఆగలేదు. అదే మ్యూజియంలో ముసుగు రెబెక్కా బొమ్మ ముందు నిలబడి, పాలరాయిని పలచని బట్టలా ఎలా చెక్కారని ఆశ్చర్యపోయాడట. దాన్ని 1876లో బెంజోనీ చెక్కాడని ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. ఏ ఎంట్రెన్సులో అడుగుతారని ఆమె అడిగింది, సహజంగానే. ఎందులోనూ అడగరు. ఎవరూ అడగని విషయాన్ని ఒక పిల్లవాడు తనంతట తాను గుర్తుపెట్టుకున్నాడంటే పరిస్థితి ఎంతవరకు వచ్చిందో ఊహించుకోండి. ఆ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొన్నాడు. వాటిలో కీ ఉన్న పుస్తకం ఒక్కటీ లేదు.

అయితే మన సమాజం మరీ చేతులు ముడుచుకుని కూర్చుందనడం తప్పు. బంధువర్గం ఉన్నంతలో గట్టిగానే పోరాడుతోంది. పెళ్లిలో గానీ గృహప్రవేశంలో గానీ ఈ వయసు పిల్లవాడు ఎదురైతే పేరు అడగకుండా 'ర్యాంకెంత?' అని అడిగే మంచి ఆచారం మన వాళ్లు నిలబెట్టుకొస్తున్నారు. నాలుగంకెలు చెబితే భుజం తడతారు. అయిదంకెలైతే 'పరవాలేదులే' అంటారు. ఆరంకెలైతే పిల్లవాడితో మాట మాని, తండ్రి వైపు తిరిగి భోజనాలు మొదలయ్యాయా అని విచారిస్తారు. కొందరు ముందుచూపు గల తండ్రులు పిల్లల్ని అమీర్‌పేట పంపి, మైత్రివనం చుట్టుపక్కల పైథాన్ నేర్పిస్తున్నారు. ఇంకొందరు చిలుకూరు తీసుకెళ్తున్నారు. అక్కడ మొక్కుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూట ఎనిమిది. మా ఎదురింటాయన కొడుకు చేత పదకొండు చేయించాడు. బీటెక్‌లో సీటింకా రాలేదు, మొక్కు మాత్రం అమెరికా వీసాకు. నువ్వేం కోరుకున్నావని కుర్రవాడిని పక్కకు పిలిచి అడిగాను. నూట ఎనిమిది తిరగాల్సిన అవసరం రాకూడదని కోరుకున్నాడట.

ఇక ఇంజినీరింగ్ కాలేజీలు, బ్రాంచీలు వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్ల రాత్రి. పెద్దమనిషినని నన్నూ పిలిచారు. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్, పక్కన నిరుటి చివరి ర్యాంకుల జాబితా, దాని మీద పసుపు, ఆకుపచ్చ గీతలు. వీడియో కాల్‌లో డల్లాస్ నుంచి మేనమామ. పిల్లవాడికి ఎంచుకునే స్వేచ్ఛ లేదని విమర్శించేవాళ్లు ఆ జాబితాను ఒక్కసారి చూడాలి. సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్, ఉంది. అది వద్దనుకుంటే అదే కంప్యూటర్ సైన్స్‌కు కృత్రిమ మేధ, డేటా సైన్స్, సైబర్ భద్రత తోకలు తగిలించిన సీఎస్ఎం ఉంది, సీఎస్‌డీ ఉంది, సీఎస్‌సీ ఉంది. ఒక్కో బ్రాంచిలో సీట్లకు ఉన్న గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తివేసింది కాబట్టి ఇకమీదట స్వేచ్ఛకు కొదవే లేదు. సివిల్, మెకానికల్ కూడా ఉన్నాయి గానీ, ఈ మేనమామే ఒకప్పుడు మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడినవాడు. అనుభవంతో వద్దన్నాడు. కాలేజీల విషయంలోనూ ఇంతే విశాలంగా ఆలోచించారు: ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మొయినాబాద్, దుండిగల్. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వేసింది ఏ దిక్కున సీటు వచ్చినా కాలేజీ బస్సు తిరగడానికేనేమో అనిపించింది.

వరుస క్రమం తండ్రీ మేనమామా కలిసి తేల్చారు. ఓటీపీ తండ్రి ఫోనుకు వచ్చింది. తెర మీద క్యాప్చా వచ్చినప్పుడు మాత్రం అది సున్నానా, 'ఓ' అక్షరమా అని పెద్దల మధ్య భేదాభిప్రాయం తలెత్తింది. అప్పుడు అభ్యర్థిని గదిలోంచి పిలిపించారు. అతను ఒక్క చూపు చూసి సున్నా అన్నాడు. తన భవిష్యత్తు విషయంలో ఆ రాత్రి అతను తీసుకున్న నిర్ణయం అదొక్కటే, అది సరైనదేనని తేలింది కూడా.

అంతటితో గదిలోకి వెళ్లిపోతే బాగుండేది. వెళ్లలేదు. తలుపు పట్టుకుని నిలబడి, 'డిగ్రీ ప్రవేశాల దోస్త్‌లో కూడా దరఖాస్తు చేస్తాను నాన్నా, నిజాం కాలేజీలో బీఏ హిస్టరీ చదవాలనుంది' అన్నాడు. డల్లాస్‌లో నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నాం, మేనమామ ముఖం అలా కదలకుండా ఉండిపోయింది. నెట్‌వర్క్ బాగానే ఉంది. కాసేపటికి తేరుకుని, 'చరిత్రలో ఎవరైనా బాగుపడ్డారా?' అని అడిగాడు. నాకు తెలిసినంతలో నిజాములు బాగుపడ్డారు. అయితే వాళ్లు చరిత్ర చదివి బాగుపడలేదు కాబట్టి నేను కల్పించుకోలేదు. 1887 నుంచి బషీర్‌బాగ్‌లో ఉన్న కాలేజీ అది, ఇంకో నాలుగేళ్లు ఎక్కడికీ పోదు, ముందు బీటెక్ పూర్తి చేయమని తల్లి రాజీ మార్గం చూపింది. ఆప్షన్లు ఫ్రీజ్ అయ్యాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ కుర్రవాడు చెడ్డవాడు కాదు. సంగీత గడియారం ముందు వృథా అయిన ఆ గంట లేకపోతే ఈ చరిత్ర గొడవే వచ్చేది కాదు. రెండేళ్లు ఎవరి ప్రశ్నలకో జవాబులు గుర్తించిన పిల్లవాడు, కాస్త ఖాళీ దొరకగానే సొంతంగా ప్రశ్నలు వేయడం మొదలుపెడుతున్నాడు. లోపం పిల్లల్లో లేదు, క్యాలెండర్‌లో ఉంది. కాబట్టి ప్రభుత్వం వెంటనే ఒక కమిటీ వేసి, ఎప్‌సెట్ రాసిన సాయంత్రమే బీటెక్ మొదటి క్లాసు జరిగేలా చూడాలి. సీట్ల కేటాయింపు తీరిగ్గా తరువాత చేసుకోవచ్చు. ఎలాగూ అందరూ కంప్యూటర్ సైన్సే కాబట్టి ఏ గదిలో కూర్చోబెట్టినా పాఠం మారదు. అంతవరకు తాత్కాలిక చర్యగా మ్యూజియాలు, గ్రంథాలయాలు, పాత పుస్తకాల ఫుట్‌పాత్‌ల దగ్గర ఎప్‌సెట్ హాల్‌టికెట్ ఉన్నవాళ్లను ఆపి వెనక్కి పంపే ఏర్పాటు చేయాలి. ట్యాంక్‌బండ్ మీద ఒంటరిగా కూర్చుని నీళ్ల వైపు చూస్తూ ఆలోచించేవాళ్ల విషయంలో మరింత అప్రమత్తత అవసరం.

కమిటీ నివేదిక వచ్చేలోగా మా ఎదురింటివాళ్లు తమ వంతు బాధ్యత నెరవేర్చారు. కుర్రవాడి చెల్లెలు పదో తరగతికి వచ్చింది. పోయిన ఆదివారం ఒక పీఆర్వో వచ్చి, సోఫాలో కూర్చుని, ఇప్పుడే సీటు ఖాయం చేసుకుంటే రాయితీ అనీ, పది పరీక్షలు ముగిసిన మర్నాటి నుంచే ఇంటర్ క్లాసులనీ, ఒక్క రోజు కూడా ఖాళీ ఉండదనీ హామీ ఇచ్చాడు. తండ్రి అడ్వాన్సు కట్టేశాడు. దరఖాస్తు మీద సంతకం పెట్టడానికి అమ్మాయిని పిలిస్తే ఇంట్లో లేదు. అన్నతో కలిసి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లిందట. ఇది అంటువ్యాధి అని నేను మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను.