కొంగు వదలని కళామతి

న్యూజెర్సీలో మాది గోడకి గోడ అతుక్కుని వరసగా కట్టిన ఇళ్లలో ఒకటి. వెనక తలుపు తీస్తే పదడుగుల సిమెంటు చప్టా. గ్రిల్లూ, రెండు కుర్చీలూ, పిల్లాడి సైకిలూ పోను మిగిలిన జానెడు జాగాలో పూలతోట వెయ్యాలని నా కోరిక.

నర్సరీలో ఆవిడ నా చప్టా కొలతలు విని, జాలిపడి, క్లెమటిస్ అనే పూలతీగ కుండీ ఒకటి చేతిలో పెట్టింది. రకం పేరు 'పీలు'. ఎస్టోనియా వాళ్లు పుట్టించిన రకమట, వాళ్ల భాషలో బాతుపిల్ల అని అర్థమట. మామూలు క్లెమటిస్‌లు పదడుగులు పాకినా ఇది నాలుగైదు అడుగులకే ఆగిపోతుంది, కుండీలోనే కాపురం చేస్తుంది అని చెప్పింది. ఇంటికి తెచ్చి చూస్తే రెండు పుల్లలు, నాలుగు ఆకులు. పేరుకు తగ్గట్టే పీలగా ఉంది.

మొదటేడు తప్పు నాదే. ఇంగ్లండులోని వోకింగ్‌లో 1862లో మొదటిసారి పూసిన జాక్‌మనీ అని ఊదారంగు రకం ఒకటుంది. అది కొత్త కొమ్మలకే పూస్తుంది కాబట్టి చలికాలం చివర్లో జానెడు మొదలు ఉంచి నరికేస్తారు. ఆ వీడియో చూసి నేనూ కత్తెర తీశాను. పీలుకి ముద్దపూలు వచ్చేది పాత కొమ్మలకని తర్వాత తెలిసింది. అప్పటికి ఆ కొమ్మలు చెత్త లారీలో వెళ్లిపోయాయి. ఆగస్టులో మాత్రం కొత్త కొమ్మలకి రెండు రేకపూలు వచ్చాయి. "పువ్వు ఇరవై డాలర్లు పడిందన్నమాట" అంది మా ఆవిడ.

రెండో ఏడు కత్తెర అటకెక్కించేశాను. మే నెలలో నెల్లూరు నుంచి అమ్మ వచ్చింది.

"ఏం తీగ నాయనా ఇది?"

"క్లెమటిస్ అమ్మా."

"కళామతా? పేరు బాగుందే. కూరకి పనికొస్తుందా?"

"అమ్మో, విషం. కొమ్మ తుంచితే వచ్చే రసం చేతికి తగిలినా మంట."

అమ్మకి దానిమీద గౌరవం సగానికి తగ్గింది. పద్దెనిమిది అంగుళాల లోతు కుండీలో తిననిదాన్ని పెంచడమేమిటని, తీగ మొదలు చుట్టూ గుప్పెడు మెంతులు చల్లింది. ఒప్పుకోవాలి, అది మంచిదే అయింది. క్లెమటిస్‌కి తల ఎండలో, కాళ్లు నీడలో ఉండాలి. ఆ మాట చెబితే, "అచ్చం మీ నాన్నే, ఎండలో తిరిగొచ్చి కాళ్లు మాత్రం ఏసీ కింద పెట్టేవారు" అంది.

ఇక తీగ పాకడానికి బొటనవేలంత లావు వెదురు కర్రలు మూడు గుచ్చాను. కళామతి వాటివైపు కన్నెత్తి చూడలేదు. కాకరకీ సొరకీ ఉన్నట్టు దీనికి నులితీగలుండవు. ఆకు కాడే వంకీ తిరిగి దొరికినదాన్ని చుట్టుకుంటుంది. ఆ కాడ ఉండేదే రెండంగుళాలు, లావు కర్రని ఏం చుడుతుంది? పురికొసంత సన్నటిది ఏదైనా కావాలి. కడదాం, కడదాం అంటూ నేను వారాలు గడిపేశాను.

ఇంతలో నయాగరా ప్రయాణం. బయల్దేరే పొద్దున అమ్మ తన చిలకపచ్చ వెంకటగిరి చీర ఉతికింది. డ్రయర్లో వేస్తే జేబురుమాలై వస్తుందని అమ్మ భయం. ఎవరూ చూడకుండా ఆ వెదురు కర్రల మీంచి కుర్చీల మీదికి ఆరేసి కారెక్కింది. నయాగరా నుంచి అటే వర్జీనియాలో చెల్లెలింటికి. నాలుగు రోజులనుకున్నది పదైంది.

తిరిగొచ్చి తలుపు తీస్తే, చీర ఎండకి ఎండి వానకి తడిసి అక్కడే ఉంది. కొంగు లాగింది అమ్మ. రాలేదు. వంగి చూశాను. కొంగు చివర ముచ్చటపడి వేయించుకున్న కుచ్చులున్నాయి చూడండి, వాటిలో ఏడింటిని ఆకు కాడలు పట్టుకున్నాయి. పట్టుకోవడమంటే అలా ఇలా కాదు. ఒక్కో కాడ దారప్పోగుల చుట్టూ రెండేసి మెలికలు తిరిగి, పసి పిల్లాడి చేతిలో వేలు ఇరుక్కున్నట్టు బిగిసిపోయింది. ఆ కొమ్మ చివర్నే మొనదేలిన మొగ్గలు, తొమ్మిది.

"కత్తెర తే" అంది మా ఆవిడ.

"దేనికి? తీగకా, కుచ్చుకా?" అన్నాను.

తీగ పెళుసు, వేలితో వంచితే పుటుక్కుమంటుంది. కుచ్చులు కత్తిరిద్దామంటే అమ్మ మొహం చూడలేం. చివరికి అమ్మే, "పూసేదాకా ఉండనీరా, పాపం. నువ్వూ అయిదేళ్లొచ్చేదాకా నా కొంగు వదల్లేదు" అని నిట్టూర్చి చీర మిగతా భాగాన్ని కర్రలకి చక్కగా చుట్టేసింది.

మూడోరోజు కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం: బయట బట్టలు ఆరేయడం నిషేధం. నేను తెలివిగా, అది బట్ట కాదు, తీగకి ఊతం అని జవాబు రాశాను. ఫొటో కూడా జతచేశాను. అప్పటికి మొగ్గలు విచ్చి లేత గులాబీ ముద్దపూలు, మధ్యలో ముదురు చారలతో, చిలకపచ్చ మీద పెళ్లి చీర బుటాల్లా ఉన్నాయి. ఆ ఫొటో అమ్మ మా చుట్టాల వాట్సాప్ గుంపులోనూ పెట్టింది. చీర ఎక్కడ కొన్నావని నలుగురు అడిగారు. పువ్వు పేరు ఒక్కరూ అడగలేదు.

అసోసియేషన్ వారం తర్వాత బదులిచ్చింది. ఊతమైతే అభ్యంతరం లేదట. కాకపోతే తెలుపు, నలుపు, గోధుమ రంగులకే అనుమతి ఉందట, వేరే రంగైతే దరఖాస్తు పెట్టుకోవాలట. దరఖాస్తు నాలుగు పేజీలు. రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నింపుతుంటే, 'దేనితో తయారైంది: చెక్క, ఇనుము, ప్లాస్టిక్, ఇతరములు' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

అమ్మ భుజం మీంచి తొంగిచూసింది.

"వెంకటగిరి అని రాయి. నూరో నంబరు నూలని కూడా రాయి, లేకపోతే నైలాననుకుంటారు."