పలుపు ముందు విప్పండి

మళ్ళీ మబ్బులు పట్టే రోజులొచ్చాయి. నిన్న సాయంత్రం గంటసేపు గట్టిగా వాన పడేసరికి, 2024 విజయవాడ వరదల్లో జంతువుల్ని కాపాడ్డానికి మేం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఎవరో "బుడమేరు ఎలా ఉంది?" అని అడిగారు. ఎన్నో నెలలుగా చప్పుడు లేని గ్రూపు అది. ఆ ఒక్క మెసేజ్ చూశాక నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నా, నీళ్ళొచ్చాక ఇంత పొడుగు పోస్ట్ చదివే టైమ్ ఎవరికీ ఉండదు.

విజయవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు, బయట ఊళ్ళ వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆగస్టు 31 శనివారం కుండపోత, తెల్లారి సెప్టెంబర్ 1 ఆదివారానికి బుడమేరు వాగు నీళ్ళు సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట అంతా నిండిపోయాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ పుట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. బుడమేరు నీళ్ళని కృష్ణలోకి మళ్ళించే డైవర్షన్ ఛానల్‌కి పడ్డ గండ్లలో చివరిదాన్ని ఆర్మీ వాళ్ళు, ఇరిగేషన్ వాళ్ళు కలిసి పూడ్చేసరికి సెప్టెంబర్ 7, వినాయక చవితి. అంటే అన్ని రోజులూ కొత్త నీళ్ళు వస్తూనే ఉన్నాయి, ఉన్న నీళ్ళు కదల్లేదు. గేదె ఈదగలదు, కుక్క కూడా ఈదుతుంది, కానీ రోజుల తరబడి ఏ జంతువు ఈదుతుందండీ? నిలబడ్డానికి జానెడు మెరక కావాలి కదా.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గరున్నా. లోపల్నుంచి వచ్చే బోట్లన్నీ అటే వస్తున్నాయి, ఊళ్ళో జనమంతా అక్కడే. మేం నలుగురం ఒక ప్రైవేట్ బోటు మాట్లాడుకుని లోపలికి వెళ్ళాం. ఒక రేకుల ఇంటి పైన ఒక పెద్దమ్మ, అరవై దాటి ఉంటాయి, కూర్చునుంది. చెయ్యిచ్చి బోటెక్కించాం. ఎక్కింది, కూర్చుంది, పది గజాలు పోయాక ఇంటి వెనక్కి చూసి "గేదె కట్టేసుందయ్యా" అంది. బోటాయన "మనుషులు ముందు పెద్దమ్మా, గేదె సంగతి తర్వాత" అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు, ఇంకా ఎన్ని ఇళ్ళ మీద జనం ఉన్నారో ఆయనకి తెలుసు. కానీ ఆవిడ మారుమాట లేకుండా బోటు అంచు పట్టుకుని నీళ్ళలోకి దిగిపోయింది. గుండెల దాకా నీళ్ళు. మా కళ్ళ ముందే.

ఆ రోజు నుంచి నా అభిప్రాయం మారిపోయింది. మనుషులు ముందా జంతువులు ముందా అని చర్చ పెట్టేవాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే, ఆ చర్చ నీళ్ళ బయట ఉన్నవాళ్ళు పెట్టుకునేది. లోపల ఉన్నవాళ్ళకి ఆ గేదె అంటే రోజూ రెండు పూటలా పాలు, పిల్ల ఫీజు, ఇంటి అద్దె. కుక్కని వదిలి రానని మేడ మీదే ఉండిపోయిన వాళ్ళని ఎంతమందిని చూశానో. జంతువుకి చోటు లేదంటే మనిషి కూడా రాడు, అంతే. అమెరికాలో 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు ఇదే జరిగింది, పెంపుడు జంతువుల్ని వదల్లేక చాలామంది ఇళ్ళల్లోనే ఉండిపోయారు. 2006లో వాళ్ళు చట్టమే చేసుకున్నారు, ఊరు ఖాళీ చేయించే ప్లాన్‌లో పెంపుడు జంతువుల లెక్క కూడా ఉండాలని. మన దగ్గర పునరావాస కేంద్రం గేటు దగ్గర "కుక్కతో రాకూడదు" అంటే ఆ మనిషి కుక్కతో సహా వెనక్కి పోతాడు, ఇది ఎవరికీ తెలియంది కాదు.

ఆ పెద్దమ్మ సంగతి చెప్తా. మా వాడొకడు వెనకే దూకాడు. పాక దగ్గరకి వెళ్తే గేదె మూతి మాత్రం పైకి ఉంది, మెడ నిక్కబొడుచుకుని ఊపిరి తీసుకుంటోంది. పలుపు కొబ్బరి తాడు. నానిన కొబ్బరి తాడు ముడి ఎలా ఉంటుందో పట్టుకుని చూస్తే తెలుస్తుంది, ఉబ్బి రాయిలా బిగుసుకుపోతుంది, వేళ్ళకి లొంగదు, పైగా ముడి నీళ్ళ అడుగున గుంజ దగ్గరుంది. ఆవిడే లోపల చూరులో దోపిన కొడవలి తడుముకుని తీసి కోసింది. తాడు తెగిన మరుక్షణం ఆ గేదె ఎవరి కోసం చూడలేదు, మేం పట్టుకునే లోపే వీధి వెంట మెరక వైపు ఈదుకుంటూ పోయింది. దానికి మేం చేసిన సాయం ఏమీ లేదండీ, ఒక్క తాడు తెంపడమే. అదే రోజు ఆ పక్క వీధుల్లో పలుపుకే చచ్చిపోయినవి కూడా చూశాం. అవీ ఈదగలిగినవే. ఇంతకన్నా నేను చెప్పలేను.

కాబట్టి ముందు ఇది. పశువులున్నవాళ్ళు ఈ పోస్ట్ చదవకపోవచ్చు, మీ పాలు పోసే ఆయన చదవకపోవచ్చు, మీరు చెప్పండి. వానాకాలం రాత్రిళ్ళు గుంజ దగ్గర జారుముడి వెయ్యండి, లాగితే ఊడిపోవాలి. మెడ దగ్గర మాత్రం జారుముడి వద్దు, బిగుసుకుంటుంది. పాకలో చేతికందే ఎత్తులో ఒక కొడవలి ఉంచండి. ఇల్లు వదిలి పరిగెత్తాల్సి వస్తే పలుపు విప్పేసి పొండి, కుక్క గొలుసు తీసేయండి, కోళ్ళ గంప ఎత్తేయండి. ఎక్కడికి పోతాయో అని భయపడొద్దు, తర్వాత వెతుక్కోవచ్చు.

ఇప్పుడు మా గురించి, అంటే వాలంటీర్ల గురించి. జాలి ఉన్నవాళ్ళకి మన ఊళ్ళో కొదవే లేదు, ఈ మాట గుండె మీద చెయ్యేసుకుని చెప్తా. మొదటి రెండు రోజులు ఫోన్ కింద పెట్టే సందు లేదు. హైదరాబాద్ నుంచి, గుంటూరు నుంచి, ఆస్ట్రేలియా నుంచి కూడా. కానీ సోమవారం జరిగింది వినండి. ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు బాల్కనీలో ఒక తెల్ల కుక్క ఉందని ఎవరో ఫోటో పెట్టారు. ఆ ఫోటో పదకొండు గ్రూపుల్లోంచి మాకే తిరిగొచ్చింది. మా బోటు వెళ్ళేసరికి అక్కడ ఇంకో రెండు బోట్లున్నాయి, కుక్కని అప్పటికే పొద్దున్నే ఓనర్ బంధువులు తీసుకెళ్ళిపోయారు. మూడు బోట్లు, పదిమంది మనుషులు, గంటన్నర, ఖాళీ బాల్కనీ కోసం. అదే టైమ్‌లో దాని వెనక సందులో గోడ మీద మేకలున్నాయి, వాటి ఫోటో ఎవరూ తియ్యలేదు కాబట్టి వాటి కోసం ఎవరూ రాలేదు. మాకు మర్నాడు తెలిసింది.

ఆ రాత్రి మా వదిన ఒక పొడుగు నోటు పుస్తకం తెచ్చుకుని కూర్చుంది. ఆవిడకి నీళ్ళంటే భయం, బోటెక్కలేదు, కుక్కల్ని పట్టడం రాదు. కానీ ఆ వారం మొత్తంలో అందరికన్నా ఎక్కువ ప్రాణాలు నిలబెట్టింది ఆవిడే అని నేను ఎవరి ముందైనా చెప్తా. ఒక్కటే నంబర్, ఒక్కటే పుస్తకం. వరుస నంబర్, వీధి, గుర్తు (గుడి పక్కన, వాటర్ ట్యాంక్ వెనక అని), ఏ జంతువు, ఎన్ని, కట్టేసుందా వదిలేసుందా, ఎవరు చెప్పారు, ఎవరు వెళ్ళారు, ఏమైంది. ఫోటో పంపినవాళ్ళకి "ఇది మీరు చూశారా, ఎవరో పంపితే పంపారా" అని అడిగేది. ఎప్పుడు తీసింది, లొకేషన్ పెట్టండి అనేది. కొంతమంది విసుక్కున్నారు, ప్రాణం పోతుంటే ప్రశ్నలేంటి అన్నారు. ఆ ప్రశ్నల వల్లే మంగళవారం నుంచి మా బోటు ఒక్కసారి కూడా ఖాళీగా తిరిగి రాలేదు.

సామాన్ల విషయం ఇంకో బాధ. బ్రెడ్డు, బిస్కెట్లు, పాల ప్యాకెట్లు గుట్టలు. మంచి మనసుతోనే పంపారు, కాదన్ను. కానీ పెద్ద గేదె రోజుకి ఎండుగడ్డే అయిదారు కిలోలు తింటుంది, పచ్చిగడ్డి దొరికితే పదిహేను ఇరవై కిలోలు. రైల్వే కట్ట పక్క మెరక మీద నలభై గొడ్లు చేరితే ఒక్క పూట కాదు, రోజుకి రెండు వందల కిలోల పైన వరిగడ్డి కావాలి, అది కూడా పొడిగా కావాలి. టార్పాలిన్ కప్పకుండా ట్రాక్టర్ మీద తెచ్చిన గడ్డి తడిసి, రెండో రోజుకి బూజు వాసన కొట్టింది, మొత్తం పారబోశాం. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు, ఒక్కో గేదెకి యాభై లీటర్లకి తక్కువ కాకుండా మంచినీళ్ళు కావాలి, బిస్లరీ బాటిళ్ళు కేసులు కేసులు వచ్చాయి కానీ ట్యాంకర్ ఎవరూ పంపలేదు. ట్యాంకర్ నీళ్ళ కోసం ఒక ఆఫీసుకి ఫోన్ చేస్తే అది మా పరిధి కాదు అని ఇంకో నంబర్ ఇచ్చారు, ఆ నంబర్ ఇంకో నంబర్ ఇచ్చింది. చివరికి నున్న వైపు ఒక రైతు తన ట్రాక్టర్ ట్యాంక్ తెచ్చి పెట్టాడు, డబ్బులు కూడా తీసుకోలేదు.

ఇంకోటి, ఇది తప్పకుండా గుర్తు పెట్టుకోండి. జనానికి పంచగా మిగిలిన పులిహోర, సాంబారన్నం ప్యాకెట్లు పాపం ఆకలితో ఉన్నాయి కదా అని బుట్టలకొద్దీ ఆవులకి పోశారు. ఆకలి మీదున్న ఆవు ఎంత పెడితే అంత తింటుంది. అన్నం ఒక్కసారిగా ఎక్కువ తింటే వాటి కడుపులో పులిసి ఆమ్లం అయిపోతుంది, పొట్ట ఉబ్బుతుంది, నెమరు ఆగిపోతుంది, పడిపోతాయి. రెండు ఆవులు వరద నుంచి బతికి బయటకొచ్చి పులిహోర తిని పోయాయి. పోసిన పిల్లాడు అక్కడే కూర్చుని ఏడ్చాడు, వాడికెవరూ చెప్పలేదు, వాడిని ఏమంటాం. గడ్డి లేకపోతే కాస్త తవుడు కలిపిన కుడితి పెట్టండి, లేదా పశువుల డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగి పెట్టండి. 1962 అని టోల్ ఫ్రీ నంబర్ ఉంది, పశువుల అంబులెన్స్‌ది, ఫోన్‌లో సేవ్ చేసుకోండి ఇప్పుడే.

వాలంటీరుగా వస్తామనేవాళ్ళకి నేను ఇప్పుడు మొదట అడిగే ప్రశ్న, రేబిస్ టీకా వేయించుకున్నారా అని. భయపడిన కుక్క నీ మంచితనం చూడదు, కరుస్తుంది. ముందుగానే వేయించుకునే టీకాలు ఉన్నాయి, వరదలో వేయించుకోవడం కుదరదు, ఇప్పుడే డాక్టర్ని అడగండి. కరిస్తే సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు పారే నీళ్ళ కింద కడగాలి, అదే రోజు ఆస్పత్రికి పోవాలి, సాయంత్రం చూద్దాంలే అనుకోకూడదు. కాళ్ళకి పుండ్లతో ఆ నీళ్ళలో దిగితే ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరం పట్టుకుంటుంది, 2018 కేరళ వరదల తర్వాత ఆ జ్వరంతో చాలామంది పోయారు, సాయం చెయ్యడానికి వెళ్ళినవాళ్ళు కూడా. గమ్ బూట్లు, గ్లౌజులు, డాక్టర్ చెప్తే ముందుగా మాత్ర. పిల్లిని చేతుల్తో పట్టకండి, దిండు గలీబు చాలు. కుక్క మీద పాత దుప్పటి వేసి ముఖం కప్పితే సగం శాంతిస్తుంది.

ఇక అసలు నా కడుపుమంట. చవితి నాటికి నీళ్ళు తగ్గడం మొదలైంది, అంతే, జనం కూడా తగ్గిపోయారు. ఆదివారం రెండొందల మంది ఉన్న గ్రూపులో తర్వాతి ఆదివారం ఫోన్ ఎత్తింది ఆరుగురు. అసలు పని అప్పుడే మొదలైంది. రోజుల తరబడి బురదలో నిలబడి గొడ్లకి గిట్టల మధ్య చర్మం ఊడొచ్చేసింది, కడగాలి, మందు రాయాలి, రోజూ. వానల్లో పశువులకొచ్చే గొంతువాపు రోగానికి టీకాలు వేయించాలి, అది అసలు వానలకి ముందే వేయించాల్సింది. ఎక్కడెక్కడి నుంచో తెచ్చి వేరే కాలనీల్లో దింపేసిన వీధి కుక్కలున్నాయి, వాటిని మళ్ళీ వాటి వీధికే చేర్చాలి, లేకపోతే అక్కడి కుక్కలు బతకనివ్వవు. వదిన పుస్తకం లేకపోతే ఏ కుక్క ఏ వీధిదో ఎవరికి తెలుసు? చనిపోయిన పశువుకి నష్టపరిహారం రావాలంటే రుజువు కావాలి. కేంద్రం అప్పటి విపత్తు సాయం లెక్క ప్రకారం పాడి గేదెకి 37,500, మేకకి, గొర్రెకి 4,000. పశువు చెవికి గుర్తింపు కోసం వేసే పోగు మీద పన్నెండంకెల నంబర్ కనబడేలా ఒక్క ఫోటో తీసుంటే సరిపోయేది. వాసన భరించలేక ముందే పూడ్చేసి, తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళని చూశాను. ఆ ఫోటో తియ్యడానికి బోటు అక్కర్లేదు, ఈత రానక్కర్లేదు.

పెద్దమ్మ గేదె నాలుగో రోజు దొరికింది. రైల్వే కట్ట దగ్గర గొడ్ల మధ్య ఉంది, మెడలో కోసిన పలుపు ముక్క జానెడు వేలాడుతోంది. మేం గుర్తు పట్టలేదు, నలభైలో అదొకటి. ఆవిడ కట్ట కింద నిలబడి పిలిచింది, అది తలెత్తి నేరుగా దిగొచ్చింది. వదిన పుస్తకంలో 63వ వరసలో "తీసుకెళ్ళారు" అని రాసి ఆవిడ చేత వేలిముద్ర వేయించింది.

నేను ఈ వారం చేసినవి చెప్తా. గన్నవరం వైపు ఇద్దరు రైతుల్తో మాట్లాడాను, పొడి వరిగడ్డి మెరక మీద దాచి ఉంచడానికి ఒప్పుకున్నారు, డబ్బు సర్దుబాటయింది. మూడు పెద్ద టార్పాలిన్లు కొన్నాం. వదిన కొత్త నోటు పుస్తకం తెచ్చి గీతలు కొట్టేసింది. బోటు ఉంది. మొదటి రోజుకి మనుషులు సరిపోతారు, ఎప్పుడూ సరిపోతారు. అందుకని "నేనూ వస్తా" అని ఊరికే పెట్టకండి. నీళ్ళొచ్చిన అయిదో రోజు నుంచి పదిహేనో రోజు దాకా ఏ రోజు, ఏ పూట, ఎన్ని గంటలు రాగలరో అది రాసి మెసేజ్ పెట్టండి. వదిన ఆ పేజీ ముందే గీసి పెట్టింది, ఇంకా ఖాళీగా ఉంది.