నడకకు నిరభ్యంతర పత్రం

యాభై దాటిన ఇల్లాలు ఎందుకు వాకింగ్‌కు వెళ్లదన్న కేసులో మన ఇళ్లు ఎప్పుడో తీర్పు చెప్పేశాయి: బద్ధకం. అప్పీలుకు అవకాశం లేదు. తీర్పు చెప్పినవారు సోఫాలో, ముద్దాయి వంటింట్లో ఉండటంతో వాంగ్మూలం తీసుకోవడం కూడా కుదరలేదు.

సాక్ష్యం గట్టిదే. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రిక ప్రచురించిన లెక్కల్లో, 2022 నాటికి మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేనివాళ్లు మగవాళ్లలో 42 శాతమైతే ఆడవాళ్లలో 57 శాతం. ఎవరి రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోవడానికి అదే 2024లో కేంద్రం చేయించిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపనికి ఆడవాళ్లు రోజూ పెట్టే సమయం 289 నిమిషాలు, మగవాళ్లది 88. ఆ 88 కూడా ఆ రోజు పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ల సగటే సుమా, పెట్టనివాళ్లను కలపలేదు. అంటే మన ఆడవాళ్లు రోజుకు దాదాపు ఐదు గంటలు నిలబడి మరీ బద్ధకిస్తున్నారు.

మరి ఆ ఐదు గంటలు వ్యాయామం కాదా? చాలావరకు కాదు, చిక్కంతా అక్కడే. పొయ్యి దగ్గర నిలబడితే మడమలు నొప్పెడతాయి, కాళ్లు వాస్తాయి, గుండె వేగం మాత్రం పెద్దగా పెరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు అడుగుతున్నది కాస్త ఆయాసం వచ్చే శ్రమ. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ కొలత. దీనికి తోడు వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. 65 దాటితే తూలిపడకుండా నిలదొక్కుకునే కసరత్తులు మూడు రోజులు.

ఇంతకీ అరగంట నడకకు ఎన్ని శాఖల నిరభ్యంతర పత్రాలు కావాలో చూద్దాం. చాలా పార్కుల గేటు తెల్లవారుజామున తీసి తొమ్మిదికో పదికో మూస్తారు. సరిగ్గా ఆ వేళలోనే పాల ప్యాకెట్, రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లు, రెండు క్యారేజీలు, పనమ్మాయి రాక, మనవడి స్కూలు బస్సు. ఇన్ని ఫైళ్లు కదిలాక గేటు దగ్గరికి వెళ్తే వాచ్‌మన్ తాళం తిప్పుతుంటాడు. సాయంత్రం వెళ్దామంటే దీపం వేళ, తర్వాత చపాతీలు, ఆ తర్వాత చీకటి, కుక్కలు.

భద్రతా శాఖది వేరే అభ్యంతరం. పుస్తెలతాడు వేసుకుని వెళ్తే బైకు మీద వచ్చి తెంపుకుపోతారు, తీసి వెళ్తే అత్తగారు ఊరుకోరు. కొంగు నిండుగా కప్పుకుని, ఒక చెయ్యి మెడ దగ్గరే ఉంచి, ఫుట్‌పాత్ మీద టిఫిన్ బండిని, ట్రాన్స్‌ఫార్మర్‌ను చుట్టి రోడ్డు మీదికి దిగి నడవాలి. చెయ్యి ఊగదు, చీరలో అంగ సాగదు, రబ్బరు చెప్పులో మడమకు ఆసరా ఉండదు. ఇంత చేసీ ఆవిడ వేగంగా నడవడం లేదని ఆయనకు అసంతృప్తి.

ఇక ఎవరూ నోరు విప్పని శాఖ ఒకటుంది. కాన్పులు, ఆపైన నెలసరి ఆగడం వల్ల కటి కండరాలు సడలి, దగ్గినా తుమ్మినా వేగంగా నడిచినా మూత్రం చుక్కలు పడుతుంది. బీపీకి పొద్దున్నే వేసుకునే, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్ర దానికి తోడు. పార్కులో టాయిలెట్‌కు తాళం. ఆవిడ "నాకు నడక ఇష్టం లేదు" అంటుంది, మనం నమ్మేస్తాం. మూత్రం ఆపుకున్నట్టుగా కండరాన్ని 5 సెకన్లు బిగించి 5 సెకన్లు వదలడం, పదేసిసార్లు, రోజుకు మూడు పూటలు చేస్తే మూడు నెలల్లో చాలామందికి తేడా తెలుస్తుంది. ఊపిరి బిగబట్టినా, పొట్టా పిర్రలూ బిగించినా ప్రయోజనం ఉండదు.

గర్భసంచి తీయించడంలో మన రెండు రాష్ట్రాలదీ దేశంలోనే అగ్రస్థానం. ఆపరేషన్ తర్వాత డాక్టరు "ఆరు వారాలు బరువులెత్తొద్దు" అంటారు. ఆ ఆజ్ఞ ఇంట్లో ఇరవై ఏళ్లు అమల్లో ఉంటుంది, గ్యాస్ సిలిండరు, నీళ్ల బకెట్, మనవడు మినహాయింపు.

మోకాళ్ల విషయంలో అందరిదీ ఒకే సలహా: విశ్రాంతి. విశ్రాంతితో తొడ ముందు కండరం పలచబడుతుంది, భారమంతా కీలు మీద పడుతుంది, నొప్పి పెరుగుతుంది, ఇంకాస్త విశ్రాంతి. ఈ చక్రాన్ని వెనక్కి తిప్పడానికి కుర్చీ ఒక్కటి చాలు. ప్లాస్టిక్‌ది అయితే జారుతుంది, గోడకు ఆనించాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవాలి, మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోవాలి. ఎనిమిది, పదిసార్లు, రోజు విడిచి రోజు. ధబీమని కూలబడితే సగం ఫలితం పోయినట్టే, దిగేటప్పుడే కండరానికి అసలు పని. లేవలేకపోతే సీటు మీద దిండు వేసుకోవచ్చు. మర్నాటికీ నొప్పి ఉంటే లెక్క తగ్గించాలి. 60-64 ఏళ్ల ఆవిడ 30 సెకన్లలో 12సార్లకన్నా తక్కువ లేస్తే కాళ్ల బలం తగ్గినట్టు.

అమెరికా కొడుకు తన వంతుగా వాచీ పంపి రోజుకు 10,000 అడుగుల లక్ష్యం పెడతాడు. ఆ అంకె 1965లో జపాన్‌లో అడుగులు లెక్కించే పరికరం అమ్మడానికి పుట్టింది. సగటున 72 ఏళ్ల ఆడవాళ్ల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో 2,700 అడుగులు వేసేవాళ్లకన్నా 4,400 వేసేవాళ్లలో మరణాలు తక్కువ, 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. ఈ సంగతి వాచీకి తెలియదు.

బద్ధకం సిద్ధాంతానికి ఒక్క చిన్న ఇబ్బంది ఉంది: బతుకమ్మ. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది సాయంత్రాలు, పార్కు దాకా నడవలేని ఆవిడే పట్టుచీరలో గంటసేపు వంగుతూ లేస్తూ చప్పట్లతో తిరుగుతుంది. అక్కడ వీధి దీపాలు వెలుగుతాయి, పక్కన తెలిసినవాళ్లుంటారు, మెడలో బంగారానికి భయం ఉండదు, వంట ఆలస్యమైనా ఎవరూ ముఖం మాడ్చుకోరు. బద్ధకం ఆ తొమ్మిది రోజులు ఎక్కడికి వెళ్తుందో శాస్త్రజ్ఞులు తేల్చాలి.

అంతవరకు మధ్యంతర ఉత్తర్వు. ఉదయం 6 నుంచి 6.35 వరకు వంటింటి ఇన్‌చార్జిగా ఆయన వ్యవహరిస్తారు. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గరే నిలబడాలి. పప్పు కుక్కర్ మూడో విజిల్‌కు దించాలి. నల్లా వస్తే మోటారు వేయాలి, డ్రమ్ము నిండగానే కట్టేయాలి. ఆ 35 నిమిషాల్లో ఆవిడకు ఫోన్ చేసి పోపులపెట్టె ఎక్కడుందని అడగరాదు. పొయ్యి పైన రెండో అరలో ఉంది. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంది.