పక్కింటి ఫర్ సేల్ బోర్డుగారికి

మహారాజశ్రీ ఫర్ సేల్ బోర్డుగారికి, పక్కింటి తెలుగువాడు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. పోయిన గురువారం పొద్దున్నే చెత్తడబ్బా రోడ్డు మీద పెడదామని వస్తే, ఎండిన గడ్డిలో మీ కాలు దిగి ఉంది. అదే రియల్టరమ్మ నవ్వు, గాలికి కిర్రుమనే అదే కొక్కెం. మేం ఈ అమెరికా ఊరొచ్చిన తొమ్మిదేళ్లలో ఇది నాలుగోసారి. ఆ ఇంటి వాస్తు మీద మా అమ్మకి ఎప్పట్నుంచో అనుమానం. వాస్తు కాదమ్మా, కొన్నవాళ్లంతా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో అసిస్టెంట్ కోచ్‌లు అంటే, "తన్నడం కూడా ఒకళ్లు నేర్పాలా?" అంది. ఇక్కడి ఫుట్‌బాల్లో తన్నేది తక్కువనీ, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తడమే ఎక్కువనీ చెప్పాను. నమ్మలేదు.

ఈసారి ఖాళీ చేస్తున్నది కార్నర్‌బ్యాక్‌ల కోచ్. పాసులు అడ్డుకునే కుర్రాళ్ల బాధ్యత ఆయనది. నవంబరు ఆఖరి శనివారం మావాళ్లు రెండు పాయింట్ల తేడాతో ఓడారు. చివరి క్షణంలో కిక్కర్ తన్నిన బంతి స్తంభం పక్కనుంచి పోయింది. కిక్కర్ ఈయన శాఖ కాదు. అయినా ఆదివారం హెడ్ కోచ్‌ని తీసేశారు, సోమవారం ఈయనకీ కబురొచ్చింది. మా అమ్మ అడిగినదాంట్లో ఎంత విషయముందో నాకప్పుడు తెలిసింది.

హెడ్ కోచ్‌లకేం, మీతో పనే లేదు. 2023 నవంబరులో టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ తన హెడ్ కోచ్ జింబో ఫిషర్‌ని ఉద్యోగంలోంచి పంపించడానికి 7.5 కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పుకుంది. పని చెయ్యకుండా ఉండటానికి! అసిస్టెంట్లకి మామూలుగా ఒప్పందం రాసిచ్చేది ఏడాదికో రెండేళ్లకో. అయ్యో పాపం అని మరీ కరిగిపోనక్కర్లేదు లెండి. డేవ్ అరాండా అనే అసిస్టెంటు ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) డిఫెన్స్ చూసినందుకు 2018 నుంచి ఏడాదికి 25 లక్షల డాలర్లు తీసుకున్నాడు. కానీ అక్కడిదాకా వెళ్లేది ఎందరు? మొదటి మెట్టు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్. పేరుకి చదువు, పనికి చాకిరీ. అర్ధరాత్రిదాకా వీడియోలు కత్తిరించడం, ఎదుటి జట్టు ఎత్తులు అట్టల మీద గీయడం. నిక్ సేబన్ అంతటివాడు 1973లో కెంట్ స్టేట్‌లో అక్కడే మొదలయ్యాడు. 1990లో టొలీడోలో హెడ్ కోచ్ కుర్చీ దొరికేలోగా సిరక్యూస్, వెస్ట్ వర్జీనియా, ఒహాయో స్టేట్, నేవీ అకాడమీ, మిషిగన్ స్టేట్, ఆపైన ప్రొఫెషనల్ లీగులో హ్యూస్టన్ తిరిగొచ్చాడు. ఏడు జాతీయ టైటిళ్లు ఆ తర్వాతి సంగతి. మా కన్సల్టెన్సీ కుర్రాళ్లు కూడా ప్రాజెక్టు ప్రాజెక్టుకీ ఇన్ని ఊళ్లు మారరు.

మిమ్మల్ని లెక్కచెయ్యని మనిషి ఒకడున్నాడు, అసిస్టెంట్ కోచ్ బడ్ ఫోస్టర్. 1987లో వర్జీనియా టెక్‌కి వచ్చి 2019 దాకా కదల్లేదు. అదేం మంత్రమో అనుకునేరు. ఆయన్ని వెంటబెట్టుకొచ్చిన హెడ్ కోచ్ ఫ్రాంక్ బీమర్ 2015 దాకా కదల్లేదు, అంతే. తర్వాత వచ్చినవాడు కూడా పాత మనిషిని ఉండనిచ్చాడు. ఆ రెండోది మాత్రం మంత్రమే.

మీరు చూడని కథ ఇంకోటుంది. మా కోచ్‌గారు అక్టోబరులో ఓ పదిహేడేళ్ల కుర్రాడింటికి వెళ్లి, సోఫాలో కూర్చుని, వాళ్లమ్మ పెట్టిన చికెన్ తిని, "మీవాణ్ణి నా కొడుకులా చూసుకుంటానమ్మా" అని మాటిచ్చొచ్చారట. కుర్రాళ్లు ఫలానా కాలేజీ జట్టులో చేరతామని ముందుగా సంతకాలు చేసే గడువు 2017 నుంచి డిసెంబరులో పడుతోంది. ఉద్యోగాలూడేదీ ఆ చుట్టుపక్కలే. సంతకం ఆరేలోపు తండ్రిలాంటి మనిషి పెట్టె సర్దేస్తాడు. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (వేరే కాలేజీకి మారదల్చుకున్న ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) తెరిచాక కుర్రాళ్లు కూడా జట్లు మారడం మొదలెట్టారు. దాంతో పాపం కోచ్‌లకి మనసు కష్టపడింది. మొన్న బార్బెక్యూ దగ్గర ఈయనే, "ఈ కాలం పిల్లలకి నిలకడ లేదండీ" అన్నారు. మీరు అక్కడ ఉండుంటే కొక్కెం ఊడేలా నవ్వేవారు.

ఇక మా ఇంటి నష్టం రాసుకుంటాను. వెళ్లేవాళ్లు ఫ్రిజ్ ఖాళీ చేసి మాకిస్తారు. ప్రస్తుతం మా దగ్గర నలుగురు కోచ్‌ల సగం సగం కెచప్ సీసాలున్నాయి. నిన్న కోచ్‌గారి భార్య ఓ పెద్ద అట్టపెట్టె తెచ్చింది, నిండా జట్టు రంగు టీషర్టులు. కొత్త ఊళ్లో ఆ రంగు వేసుకోకూడదట. మావాడు ట్రిపుల్ ఎక్సెల్ ఒకటి తొడుక్కుని రాత్రి నైటీలా తిరిగాడు. వాళ్ల చిన్నమ్మాయి మాత్రం తనది ఇవ్వలేదు, స్వెటర్ కింద వేసుకునే ఉంది. నేను చూశాను, వాళ్లమ్మా చూసింది. ఇద్దరం ఏమీ అనలేదు.

ఈ ఉదయం ఇల్లు చూడటానికి ఒకాయన వచ్చారు. కొత్త హెడ్ కోచ్‌తో వస్తున్న రన్నింగ్ బ్యాక్‌ల కోచ్, అంటే బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే కుర్రాళ్లకి. స్కూళ్లెలా ఉంటాయని అడిగారు. మంచివేనన్నాను. మీరు నిలబడ్డ చోటు చూసి, "ఈ గొయ్యి పూడ్చాలంటే మట్టి ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు. వెనకాల కారులోంచి వాళ్లావిడ కేకేసింది: "ఉండనీ!"

ఇట్లు,
కెచప్ అక్కర్లేని మీ పక్కింటివాడు