192 కిలోహెర్ట్‌జ్ గారికి ఒక విన్నపం

మైకులో పడ్డ పాటని కంప్యూటర్లోకి చేర్చే మహారాజశ్రీ ఆడియో ఇంటర్‌ఫేస్ గారి సముఖానికి,

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా మా అమ్మమ్మ తమరి సన్నిధిలో పదకొండు ఊడ్పు పాటలు పాడింది. తమరి ముఖాన పచ్చదీపం మిణుకు మిణుకుమంటుంటే చక్కగా స్వీకరిస్తున్నారనే అనుకున్నాను. తిరిగి పెట్టి వింటే పాట ఎక్కడో అవతలి గట్టున ఉంది. ఇవతల మాత్రం పక్కింటివాళ్ళు కుక్కరు మీద విజిల్ సగం లేపి వదిలేసినట్టు ఒకటే బుస.

తమరిని ఎంచుకోడానికి నాకు మూడు వారాలు పట్టిందండి. మా చెల్లి సంబంధానికి కూడా ఇన్ని రాత్రుళ్ళు మేలుకోలేదు. ఎనిమిది వేల లోపువి, పన్నెండు వేలవి, ఒక మైకు పట్టేవి, రెండు పట్టేవి అన్నీ చూశాను. రెండో మైకు పెట్టడానికి నాకున్నది ఒక్క అమ్మమ్మే అని కూడా ఆలోచించకుండా రెండు పట్టేదే కావాలనుకున్నాను. చివరికి నన్ను పడగొట్టింది అట్టపెట్టె మీది అక్షరాలు. 24 బిట్, 192 కిలోహెర్ట్‌జ్. లారీ వెనక 'సౌండ్ హారన్' అని రాస్తారే, అంత సైజు.

మనిషి చెవికి 20 కిలోహెర్ట్‌జ్ దాటితే వినపడదు. వినపడేదానికి రెట్టింపు లెక్కన శాంపిల్ తీస్తే, అంటే సెకనుకి అన్నిసార్లు శబ్దాన్ని కొలిస్తే, చాలని, సీడీలు 44.1తోనే, 16 బిట్లతోనే, హాయిగా బతికేశాయి. తమరి 192 పుణ్యమా అని 96 కిలోహెర్ట్‌జ్ దాకా పట్టొచ్చట. మా మేడమెట్ల కింద చిన్న గబ్బిలాలు వేలాడుతుంటాయి, వాటి చేత కచేరీ పెట్టించుకోమని కాబోలు. డెబ్బయ్‌తొమ్మిదేళ్ళ అమ్మమ్మకి ఎందుకండీ అది?

ఆవిడకి కావలసింది గెయిన్, అంటే మైకు ఇచ్చే సన్నని సిగ్నల్ని పెంచే బలం. ఆ గెయిన్ ఎంతో పెట్టె మీద లేదు. పక్కల లేదు. అడుగున లేదు. కొంప మునిగాక మాన్యువల్ తిరగేస్తే, చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది. 50 డెసిబెల్స్.

నాది డైనమిక్ మైకు, బయటి కరెంటు అక్కర్లేని రకం. 1966 నుంచీ అమ్ముడవుతున్న ఎస్ఎం58 కోవలోది. పెళ్ళి పందిట్లో చూసే ఉంటారు. 94 డెసిబెల్స్ మోత ఎదురుగా ఉన్నా ఆ జాతి మైకు ఇచ్చేది రెండు మిల్లీవోల్టుల లోపే. అమ్మమ్మ అడుగు దూరంలో కూర్చుని, మామూలుగా మాట్లాడేంత గొంతుతో, 60 డెసిబెల్స్ దగ్గర పాడుతుంది. అంటే మైకు నుంచి వచ్చేది అందులో యాభయ్యో వంతు. దాన్ని పైకి లేపాలంటే అరవై, డెబ్బై డెసిబెల్స్ కావాలి. తమరి దగ్గర యాభై. నాబ్ చివరిదాకా తిప్పాను. ఇంకా తిప్పితే ఊడొస్తుంది.

మాది కాలువ శివారు ఊరండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందని బళ్ళో బట్టీ పట్టినవాళ్ళమే. లాకుల దగ్గర నీళ్ళు నిండుగా ఉంటాయి, మా దాకా వచ్చేసరికి బోదెలో పాదం తడవదు. ఇంజను పెట్టి తోడతాం. అడుగంటా తోడితే నీళ్ళతో పాటు బురదా వస్తుంది. నువ్వు చేసిందీ అదే. ఆ బుస బురదే. కంప్యూటర్లో సౌండు పెంచుకోవచ్చుగా అన్నాడొక పెద్దమనిషి. పెంచితే బురద కూడా పెరుగుతుంది బాబూ!

అవును, 'నువ్వు' అనే అన్నాను. ఎనిమిది వేలు పోసి కొన్నాక ఇంకా 'తమరు' ఏంటి?

ఇంక కొన్ని రకాల మైకులకి కరెంటు పంపే ఆ 48 వోల్టుల మీట, దాని ఎర్ర దీపం. డైనమిక్ మైకుకి దాంతో పనే లేదని తెలుసు. తెలిసీ నొక్కాను. కరెంటు పోయినప్పుడు కూడా స్విచ్ వేసి చూసే జాతి మాది. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకి పోగేసుకునే శాంపిళ్ళు, 1024లో పెడితే అమ్మమ్మ గొంతు హెడ్‌ఫోన్స్‌లో ఆవిడకే ఆలస్యంగా వినపడి, "వెనకాల ఎవడ్రా నన్ను వెక్కిరిస్తన్నాడు?" అంది. 128కి దించితే ఆవాలు పోపేసినట్టు చిటపటలు. లాప్‌టాప్‌కి ఛార్జర్ పెడితే గుయ్యిమని హమ్, తీసేస్తే బ్యాటరీ నలభై నిమిషాలు. ఫ్రీగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్ సంగతి ఎత్తను, అది మూడు నెలల ముచ్చట.

ఇవన్నీ సర్దుకుంటాను. ఆ పదకొండు పాటలే మింగుడు పడటం లేదు. అమ్మమ్మ ఆ పాటలు పాడుకుంటూ నడుం వంచి నాట్లు వేసిన చేలు ఇప్పుడు రొయ్యల చెరువులు. అక్కడ రాత్రీ పగలూ ఏరియేటర్లు నీళ్ళు చిలకడమే తప్ప పాటల్లేవు. ఆవిడ పక్కన వరసలో నిలబడి పల్లవి అందుకున్నవాళ్ళలో ఇద్దరే మిగిలారు, వాళ్ళలో ఒకావిడ హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. నేనేమో కిటికీలు మూసి, ఏరియేటర్ల మోత లోపలికి రాకుండా దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి, ఆవిణ్ణి చెమటల్లో మూడున్నర గంటలు కూర్చోబెట్టాను. బయటి మోతని ఆపగలిగాను. నీ మోత ఎవరాపుతారు?

నేను మాన్యువల్ పట్టుకుని తల బాదుకుంటుంటే అమ్మమ్మ అడిగింది, "ఏరా, పాట పడలేదా?"

"పడింది గానీ దీనికి సరిగ్గా అందలేదే అమ్మమ్మా."

"చెవుడేమోరా దానికి. నాకు మాత్రం అంత దూరం నుంచి చెప్తే వినపడుద్దేంటి?" అని స్టాండు మీంచి మైకు ఊడబీకి, దసరా పందిట్లో పంతులుగారిలా మూతికి ఆనించుకుంది.

పచ్చదీపం మొదటిసారి గట్టిగా వెలిగింది. అడుగు దూరం రెండంగుళాలైతే సుమారు 15 డెసిబెల్స్ కలిసొస్తాయి. ఆ లెక్క నాకూ తెలుసు. తెలిసీ, తొమ్మిది వందలు పెట్టి స్టాండు కొన్నాం కదా అని స్టాండుకే కట్టుబడ్డాను. ఈ ముక్క నీతో కాబట్టి చెప్తున్నాను, ఇంట్లో చెప్పలేదు.

పన్నెండో పాట పూర్తయ్యాక, గొంతు పోయింది, మిగతావి సంక్రాంతికి చూద్దాంలే అంది. అందాకా నువ్వు తేమ తగలకుండా బీరువాలో పట్టుచీరల మధ్య ఉంటావు. ఇంతకంటే మర్యాద ఆశించకు.

ఇట్లు,
నీ ఈఎంఐ ఇంకా నాలుగు నెలలు కట్టాల్సినవాడు

తా.క.: పన్నెండో పాటలో ఒక 'ప' దగ్గర అమ్మమ్మ ఊపిరి తగిలి మోత హద్దు దాటితే వెలిగే నీ క్లిప్ దీపం వెలిగింది, అక్కడ గొంతు కాస్త పగిలింది. దాన్ని కత్తిరించలేదు.